మూడు స్పోర్ట్స్ కార్లు, రెండు కార్ల గ్యారేజీ: టేపు ఎక్కడ మోసం చేస్తుంది

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. చిన్న స్పోర్ట్స్ కార్ల పిచ్చి పట్టినవాళ్లకు ఈ సామెత చెప్పి లాభం లేదు, రెండో కత్తి కొన్న రోజే వాళ్ల మనసు మూడోదాని మీదికి పోతుంది. "చిన్నదే కదా, ఎక్కడో ఓ మూల పట్టేస్తుంది" అని ఇంట్లో చెప్తారు. నేనూ అదే చెప్పాను. పట్టడం నిజంగానే పడుతుంది. కాకపోతే ఏదో ఒక ఆదివారం పొద్దున్నే, వాతావరణం బాగుందని, అన్నిటికంటే వెనక ఉన్న కారు తీయాలనిపిస్తుంది చూడండి, అసలు లెక్క అప్పుడు మొదలవుతుంది.

ఇక్కడ రెండు లెక్కలున్నాయి, అందరూ వాటిని కలిపేస్తారు. లోపల ఎన్ని కార్లు పడతాయనేది ఒకటి. ఏదైనా ఒక కారు బయటికి రావాలంటే ముందు ఎన్నిటిని కదిలించాలనేది రెండోది. మొదటిదానికి టేపు చాలు. రెండోదానికి చాలదు, గ్యారేజీలు పనికిరాకుండా పోయేది మాత్రం రెండోదాంట్లోనే.

ముందు సులువైనది తేల్చేద్దాం. 1989లో వచ్చిన మొదటి తరం మాజ్డా మియాటా పొడవు దాదాపు 3.97 మీటర్లు, వెడల్పు 1.675, ఎత్తు 1.23 చిల్లర. 1996లో మొదలైన లోటస్ ఎలీజ్ ఇంకాస్త పొట్టి, సుమారు 3.73 మీటర్లు, వెడల్పు మాత్రం 1.7 ఉంటుంది. 1962 నాటి ఎంజీబీ పొడవులో మియాటాకి కొంచెం తక్కువే గానీ వెడల్పు 1.52 మాత్రమే, పాత కార్లలో ఉన్న సుఖమే అది. 1958 నాటి ఆస్టిన్-హీలీ స్ప్రైట్ అయితే మూడున్నర మీటర్ల పొడవు, 1.35 వెడల్పు, పక్కన నిలబడితే బొమ్మకారులా ఉంటుంది. ఇక జపాన్‌ వాళ్ల కే కార్లు, అంటే వాళ్ల లెక్కలో అతి చిన్న తరగతివి: హోండా బీట్, సుజుకి కపుచినో, ఆటోజామ్ ఏజడ్-1. మూడు కంపెనీలు మూడు రకాలుగా ఆలోచించి కట్టిన ఈ మూడు కార్లూ పొడవు 3.295 మీటర్లు, వెడల్పు 1.395, అచ్చు గుద్దినట్టు ఒకటే. అప్పటి జపాన్ నిబంధనల ప్రకారం ఈ తరగతి కారు 3.3 మీటర్ల పొడవు, 1.4 మీటర్ల వెడల్పు దాటకూడదు మరి. ఇచ్చిన దాంట్లో ఐదు మిల్లీమీటర్లు వదిలి మిగతాదంతా వాడేసుకున్నారు. గ్యారేజీలో కార్లు సర్దేవాడి మనస్తత్వం సరిగ్గా అదే.

గ్యారేజీకి 20 అడుగులు పొడవు, 20 అడుగులు వెడల్పు అనుకుందాం. మామూలు రెండు కార్ల గ్యారేజీకి ఇది చిన్న సైజే. 20 అడుగులంటే 6.096 మీటర్లు, అదీ గోడ లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలిస్తేనే. ప్లానులో రాసిన 20 అడుగులు తరచుగా బయటి కొలత, గోడల మందం దాంట్లోంచే పోతుంది. కాబట్టి కాగితం పక్కన పెట్టి టేపు పట్టుకోండి.

ఇప్పుడు కాగితం మీద ఆడుకోవచ్చు. హోండా బీట్‌లు నాలుగు పక్కపక్కన పెడితే 5.58 మీటర్లు, ఇంకా అరమీటరు మిగులుతుంది! అంతకంటే గొప్ప ఏర్పాటు ఇంకోటుంది. ముందు వరసలో ఒకదాన్ని నిలువుగా పెట్టి, దాని వెనక రెండిటిని గోడకు అడ్డంగా ఒకదాని వెనక ఒకటి పెడితే లోతు 3.295 ప్లస్ రెండు సార్లు 1.395, మొత్తం 6.085 మీటర్లు. 6.096లోంచి తీసేస్తే ఒక సెంటీమీటరు మిగులు. ముందు వరసలో ఇంకా మూడు నిలువుగా పడతాయి కాబట్టి మొత్తం ఆరు బీట్‌లు. నేను ఒక రాత్రి గళ్ల కాగితం మీద ఈ ఆరూ గీసుకుని, చాలాసేపు తృప్తిగా చూసుకున్నాను. ఆ కార్లలోంచి మనిషి ఎలా దిగుతాడన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు.

మనిషి దిగాలి. తిప్పలన్నీ దానివల్లే. రెండు డోర్ల కారుకి డోరు పొడుగ్గా ఉంటుంది, పైగా సీటు నేలకి అంటుకుని ఉంటుంది, ముందు కాళ్లు బయటపెట్టి, తర్వాత నడుం తిప్పి, ఆఖర్న తల బయటికి తీయాలి. పెద్ద కారులో అయితే సన్నని సందులోంచైనా నిలువుగా జారిపోవచ్చు, ఇక్కడ కుదరదు. నా ఒంటికి 55 సెంటీమీటర్ల సందు కావాలి, అది నేను తిట్టుకోకుండా దిగడానికి. తిట్టుకుంటూ అయితే 45లో దిగిన రోజులున్నాయి. మీ లెక్క మీరే తీసుకోండి. కారుని గోడ పక్కన పెట్టి, అట్టముక్క ఒకటి డోరు అంచుకి తగిలించి, రోజుకి ఐదు సెంటీమీటర్లు చొప్పున దగ్గరికి జరుపుతూ పోతే నాలుగో రోజుకి తెలిసిపోతుంది.

దీనికి ఒక పాత ఉపాయం ఉంది, వినగానే ఇంత చిన్న విషయమా అనిపిస్తుంది. రెండు కార్లకీ స్టీరింగు కుడివైపే ఉందనుకోండి. రెంటినీ ముక్కు లోపలికి పెట్టి నిలిపితే ఎడమ కారు డ్రైవరు మధ్య సందులోకి దిగుతాడు, కుడి కారు డ్రైవరు కుడి గోడవైపు దిగుతాడు. అంటే రెండు సందులు కావాలి. కుడి కారుని రివర్స్‌లో పెట్టండి. ఇప్పుడు దాని డ్రైవరు డోరు కూడా మధ్య సందులోకే తెరుచుకుంటుంది. ఇద్దరికీ కలిపి ఒకే సందు, ప్యాసింజరు వైపులు రెండూ గోడలకి అతుక్కుపోవచ్చు. ఎడమ స్టీరింగు కార్లయితే ఇదే తిరగేసి చేయాలి. రెండు కార్ల దగ్గర ఈ ఒక్క మార్పుతో అరమీటరు మిగులుతుంది, దానికోసం గోడ పగలగొట్టిన వాళ్లున్నారు.

మూడో కారు వచ్చేసరికి లెక్క మారుతుంది. మూడు మొదటి తరం మియాటాలు పక్కపక్కన పెడితే 5.025 మీటర్లు, మిగిలేది 1.07. గోడలకి చెరో పది సెంటీమీటర్లు వదలండి. మిగతా 87లో మధ్య కారుకీ ఎడమ కారుకీ నడుమ 65, మధ్య కారుకీ కుడి కారుకీ నడుమ 22. ముందు కుడి కారు రివర్స్‌లో లోపలికి పోవాలి, అప్పటికి పక్కన ఖాళీయే కాబట్టి డ్రైవరు హాయిగా దిగుతాడు. తర్వాత మధ్య కారు కూడా రివర్స్‌లో, ఆఖర్న ఎడమ కారు ముక్కుతో. ఇద్దరూ ఆ 65 సందులోకే దిగుతారు. కుడి కారు కావాల్సిన రోజు మధ్య కారుని బయటికి తీయాలి, అంతే. కంపెనీ చెప్పే వెడల్పులో సైడ్ మిర్రర్లు సాధారణంగా ఉండవని కూడా గుర్తు పెట్టుకోండి, 22 సెంటీమీటర్ల సందులో రెండు కార్ల అద్దాలు ఎదురెదురుగా వస్తే గుద్దుకుంటాయి. ఒక కారుని ముప్పై సెంటీమీటర్లు ముందుకి జరిపితే అద్దం పక్కకి అద్దం రాదు, పోనీ మడిచేయండి.

మూడూ పట్టాయి కదా, ఇంకేంటి? షట్టరు. గది వెడల్పు 20 అడుగులైనా తలుపు వెడల్పు 16 అడుగులే, అంటే 4.88 మీటర్లు. మిగతా 1.2 మీటర్లు తలుపుకి అటూ ఇటూ గోడగా ఉంటుంది, చెరో వైపు దాదాపు 60 సెంటీమీటర్లు. లోపలి నుంచి చూస్తే ఆ గోడల వెనక చాటుగా రెండు జేబుల్లాంటి చోట్లుంటాయి. కుడి గోడకి పది సెంటీమీటర్ల దూరంలో నిలిపిన కారులో అరమీటరు వెడల్పు ఆ చాటులోనే ఉంది, అది నేరుగా లోపలికొచ్చి అక్కడ నిలబడలేదు. ఏటవాలుగా దూరి, ముందుకీ వెనక్కీ ఊగుతూ పక్కకి జరగాలి. మొదటి కారుకి గదంతా ఖాళీ కాబట్టి ఎలాగో అవుతుంది. ఆఖరి కారుకి పక్కన మధ్య కారు ఉంది, లోతులో రెండు మీటర్లే మిగిలింది, ఊగడానికి చోటేదీ? ఇందాక ఎడమ కారు ఏదీ కదిలించకుండా బయటికొస్తుందని మీరు అనుకుని ఉంటారు, నేనూ అలాగే అనుకున్నాను. రాదు. రెండు చిన్న తలుపులు, మధ్యలో స్తంభం ఉన్న గ్యారేజీ అయితే మరీ దారుణం, అక్కడ మూడో కారు పక్కపక్కన పెట్టే ఆలోచనే మానుకోండి.

అక్కడి నుంచి జనం డాలీల దగ్గరికి వస్తారు. నాలుగు చక్రాల కింద నాలుగు చిన్న బండ్లు, ఒక్కో బండికి నాలుగు క్యాస్టర్లు, అంటే ఎటైనా తిరిగే చిన్న చక్రాలు, కారు ఎటు తోస్తే అటు జరుగుతుంది, పక్కకి కూడా. చక్రాన్ని రెండు వైపుల నుంచి రోలర్లతో నొక్కి, కాలితో పెడల్ తొక్కితే నేలమీంచి లేపే రకాలూ ఉన్నాయి, జాక్ అవసరం ఉండదు. వెయ్యి కిలోల కారు పదహారు క్యాస్టర్ల మీద నిలబడితే ఒక్కోదాని మీద అరవై కిలోల చిల్లర. నున్నటి గచ్చు మీద ఒక్క మనిషి తోసేయగలడు, మొదటిసారి చేసినప్పుడు భలే సరదాగా ఉంటుంది.

రెండోసారి నాకేమైందో చెప్తాను. మియాటాని పక్కకి తోస్తున్నాను, మెల్లగా జరుగుతోంది, ఉన్నట్టుండి ఆగిపోయింది. గట్టిగా తోశాను. వెనక భాగం కదిలింది, ముందు భాగం కదల్లేదు, కారు వంకరగా తిరిగి వెనక బంపర్ పక్కదాని తలుపుకి ఒక అరచెయ్యి దూరంలో ఆగింది. వంగి చూస్తే ముందు క్యాస్టరు కింద ఒక వాషరు, వారం కింద నేనే పడేసుకుని వెతికి వెతికి వదిలేసినది. రెండు మిల్లీమీటర్ల మందం ఉంటుందేమో. కారు టైరుకి అది లెక్కే కాదు, చిన్న ఉక్కు చక్రానికి మాత్రం అదే పెద్ద మెట్టు. గచ్చులో పగుళ్లు రాకుండా కోసి వదిలే గాడి కూడా అంతే, క్యాస్టరు సరిగ్గా దాంట్లో పడి కూర్చుంటుంది. అప్పటినుంచి చీపురు పట్టుకోకుండా డాలీ ముట్టుకోను, గాడి దగ్గర సన్నటి రేకు ఒకటి పరుస్తాను.

ఇంకోటి, గ్యారేజీ గచ్చుకి నీళ్లు బయటికి పోవడానికి వాటం పెడతారు. కంటికి తెలియదు. నూటికి రెండు వంతుల వాటం ఉందంటే వెయ్యి కిలోల కారు ఇరవై కిలోల బలంతో తలుపువైపు లాగుతున్నట్టు, డాలీల మీద దాన్ని ఆపే హ్యాండ్‌బ్రేక్ లేదు, ఎందుకంటే హ్యాండ్‌బ్రేక్ కారు చక్రాలని పట్టుకుంటుంది, క్యాస్టర్లని కాదు. బ్రేకులున్న డాలీలే తీసుకోండి, చెక్క దిమ్మలు చేతికందేలా పెట్టుకోండి, కారుకి దిగువన మాత్రం నిలబడొద్దు.

డాలీలు ఉంటే ఇంకో ఏర్పాటు కుదురుతుంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. మియాటా నిలువుగా 3.97, ఇంకో మియాటా వెనక గోడకి అడ్డంగా 1.675, రెండూ కలిపి 5.65 మీటర్లు. లోతులో 45 సెంటీమీటర్లు మిగులుతుంది: వెనక గోడకి పది, కార్ల మధ్య పదిహేను, షట్టరు దగ్గర ఇరవై. ముందు వరసలో రెండే కార్లు, వాటికి కావాల్సినంత సందు, వెనక ఒకటి అడ్డంగా. పైగా అడ్డంగా ఉన్న కారు పక్కన రెండు మీటర్ల చోటు మిగులుతుంది, పనిబల్ల వేసుకోవచ్చు. ముందు రెండూ ఏదీ కదిలించకుండా బయటికొస్తాయి. అంతా బాగుంది గానీ ఆ వెనక కారుని తిప్పడానికి ఎంత చోటు కావాలో లెక్కేశారా? కారు తన చుట్టూ తను తిరగాలంటే దాని మూలనుంచి మూలకున్న పొడవంత వ్యాసం గల వలయం ఖాళీగా ఉండాలి. మియాటాకి అది 4.31 మీటర్లు, బీట్‌కి 3.58. ముందు రెండు కార్లూ లోపల ఉండగా అంత వలయం దొరకదు. అంటే వెనక కారు కావాలంటే ముందు రెండూ వీధిలోకి పోవాలి, ఇది తిరగాలి, బయటికి రావాలి, మళ్లీ ఆ రెండూ లోపలికి. సాయంత్రం తిరిగొచ్చాక ఇదంతా వెనక నుంచి ముందుకి. ఏడాదికి రెండు మూడుసార్లు తీసే కారైతే పర్వాలేదు, వారం వారం తీసేదైతే ఒక నెలకి మీరే అమ్మేస్తారు.

కారుని బట్టి ఈ లెక్కలు ఎంత మారతాయో చూస్తే సరదాగా ఉంటుంది. కేటర్‌హామ్ సెవెన్‌కి అసలు తలుపులే లేవనుకోవచ్చు, పక్క తెరలు పీకేసి గట్టు దాటి కాలు బయటపెట్టడమే, దాన్ని రెండువైపులా ఇరికించి పెట్టినా ముందునుంచి బానెట్ పక్కగా జారుకోవచ్చు. టాపు తీసేసే కార్లన్నిటికీ కొంతవరకు ఈ సదుపాయం ఉంది, సీటు మీద నిలబడి వెనకవైపు దిగిపోవచ్చు, పక్కింటివాళ్లు చూడకపోతే చాలు. ఎలీజ్ దీనికి పూర్తిగా ఉల్టా. మొదటి ఎలీజ్‌లో డోరు కింది గట్టు ఎత్తుగా, వెడల్పుగా ఉంటుంది, ఖాళీ మైదానంలోనే దిగడం ఒక కసరత్తు, దానికి గ్యారేజీలో అందరికంటే పెద్ద సందు ఇవ్వాలి. ఏజడ్-1 డోర్లు పక్షి రెక్కల్లా పైకి లేస్తాయి. పక్కన సందు పెద్దగా అక్కర్లేదు గానీ, ఒక కారుని పైకెత్తి ఉంచే లిఫ్ట్ కింద పెట్టారంటే రెక్క, పై కారు నిలబడే పట్టాకి కొట్టుకుని సగంలో ఆగుతుంది.

లిఫ్ట్ అన్నాను కదా, అక్కడికే వస్తున్నాను. పక్కకి చోటు లేకపోతే పైకి పోదాం అనిపిస్తుంది. కార్లు నిలవ ఉంచడానికి నాలుగు స్తంభాల లిఫ్ట్ మంచిది. కారు తన చక్రాల మీదే నిలబడుతుంది, సస్పెన్షన్ వేలాడదు, లిఫ్ట్‌ని చాలావరకు గచ్చుకి బోల్టు వేయక్కర్లేదు. రెండు స్తంభాలది పని చేసుకోవడానికి బాగుంటుంది, నెలల తరబడి కారు పెట్టి కింద ఇంకోటి నిలపడానికి నాకైతే ధైర్యం చాలదు. బరువు గురించి టెన్షన్ అక్కర్లేదు. ఈ లిఫ్టులు మూడు నాలుగు టన్నులు మోస్తాయి, మన కార్లు టన్ను కూడా ఉండవు, మొదటి ఎలీజ్ అయితే 725 కిలోలే.

ఎత్తే సమస్య. కింద కారు 1.235, పై కారు 1.235, మధ్యలో పట్టా మందం ఒక 12 సెంటీమీటర్లు, పట్టా కింద ఎనిమిది, పైకప్పు దగ్గర ఎనిమిది వదిలితే మొత్తం 2.75 మీటర్లు. తొమ్మిది అడుగుల ఎత్తున్న గది 2.743. ఏడు మిల్లీమీటర్లు తక్కువ! రెండు మియాటాలకి ఇది దాదాపు కుదిరినట్టే, ఒకదాని బదులు బీట్ పెడితే 1.175 కాబట్టి హాయిగా కుదురుతుంది. ఎనిమిది అడుగుల గదిలో, అంటే 2.44 మీటర్లలో, రెండు బీట్‌లు పెట్టినా వాటి ఎత్తూ పట్టా మందమూ కలిపితేనే 2.47 అవుతుంది. వదిలేయండి. ఇందులో ఇంకో తిరకాసు ఉంది. లిఫ్ట్ మీకు నచ్చిన ఎత్తులో ఆగదు, స్తంభం లోపల ఉండే పళ్ల దగ్గరే తాళం పడుతుంది, ఆ పళ్లు చాలా లిఫ్టుల్లో పది సెంటీమీటర్లకోటి ఉంటాయి. మీ లెక్కకి 1.32 మీటర్లు కావాలంటే అది 1.3 దగ్గరో 1.4 దగ్గరో ఆగుతుంది. కొనేముందు ఆ పళ్ల ఎత్తులు అడిగి రాసుకోండి.

షట్టరు మళ్లీ ఇక్కడ అడ్డం వస్తుంది. పలకలు పలకలుగా పైకి పోయి పైకప్పు కింద పడుకునే తలుపైతే, ఏడడుగుల తలుపు తెరిచినప్పుడు రెండు మీటర్లకి పైగా గదిలోకి చొచ్చుకొచ్చి కార్ల నెత్తిన ఉంటుంది. 6.1 మీటర్ల లోతులో దాని వెనక మిగిలేది 3.97 మీటర్లు. మియాటా పొడవు ఎంత? సరిగ్గా 3.97. చూసి నవ్వుకున్నాను, ఎందుకంటే తలుపు వంపు తిరిగే చోటు దాంట్లోంచే పోతుంది, కాబట్టి పట్టదు. చుట్టలా చుట్టుకునే రోలింగ్ షట్టరుకి ఈ బాధ లేదు. పలకల తలుపే ఉంటే దాని పట్టాలని పైకప్పు దాకా నిలువుగా తీసుకెళ్లి అక్కడ మలిచే పద్ధతి ఉంది, మోటారుని గది మధ్యలో వేలాడదీయకుండా పక్క గోడకి బిగించవచ్చు. ఆ మార్పు మాత్రం మీరు చేయకండి. తలుపు స్ప్రింగు బిగువులో ఉంటుంది, జారితే చెయ్యి విరుగుతుంది, తెలిసినవాళ్లనే పిలవండి.

పాత చిన్న కార్లకి లిఫ్ట్‌తో ఇంకో పేచీ ఉంది, ఎవరూ ముందు చెప్పరు. ఈ లిఫ్టులు పెద్ద కార్ల కోసం కట్టినవి, రెండు పట్టాల మధ్య ఖాళీ ఎక్కువ. స్ప్రైట్‌లో ఎడమ చక్రం మధ్యనుంచి కుడి చక్రం మధ్యకి 1.15 మీటర్ల ప్రాంతం, టైర్లు సన్నం. పట్టాల లోపలి అంచుల మధ్య మీటరు ఖాళీ ఉందంటే టైరు లోపలి అంచు పట్టా అంచు మీద నడుస్తున్నట్టే, స్టీరింగు కాస్త అటూ ఇటూ అయితే చక్రం కిందికి దిగిపోతుంది. ముక్కు కిందికున్న కార్లకి ఎక్కే ర్యాంపు కూడా గీసుకుంటుంది, ర్యాంపు ముందు రెండు పలకలు వేసి వాలు తగ్గించుకోవాలి. ఇక పైనున్నది పాత కారైతే ఆయిల్ కారుతుంది. కారదని దాని ఓనరు ఒట్టేసి చెప్తాడు, నేనూ వేశాను. పట్టాల మధ్య ట్రేలు పెట్టకుండా వదిలిన మొదటి వారమే కింద కారు గుడ్డ టాపు మీద రూపాయి బిళ్లంత నల్ల మచ్చ, ఇప్పటికీ ఉంది. అది గేరు ఆయిల్ కాబట్టి సరిపోయింది, బ్రేక్ ఆయిల్ అయితే పెయింటే లేచిపోతుంది.

ఇక రెండో లెక్క, కదిలింపుల లెక్క. పిల్లలు ఆడుకునే అంకెల పలక చూసే ఉంటారు, పదిహేను బిళ్లలు, ఒక ఖాళీ గడి. ఆ ఖాళీ గడి లేకపోతే ఆట లేదు. గ్యారేజీకి ఆ ఖాళీ గడి బయట ఉంటుంది, ఇంటి ముందు జాగా. ఒకదాన్ని తీయాలంటే అడ్డంగా ఉన్నవాటిని కాసేపు పెట్టడానికి అక్కడ చోటుండాలి, రెండు కార్లు అడ్డమైతే రెండు కార్ల చోటు. వర్షం పడుతున్నా, రాత్రైనా, వీధిలో ఇంకెవరి బండో ఆగి ఉన్నా ఆ చోటు దొరకాలి. బయట జాగా లేనివాళ్లు లోపల ఒక కారు తక్కువ పెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

తర్వాత ఏ కారు ఎక్కడ అనేది. వారానికోసారి తీసే కారు ముందు ఇంకో కారు అడ్డంగా ఉందనుకోండి. ఏడాదికి 52 సార్లు అడ్డమున్నదాన్ని బయటికి తీయాలి, 52 సార్లు మళ్లీ లోపల పెట్టాలి, మొత్తం 104 కదిలింపులు, మీరు తోలాలనుకోని కారుతో. ఏడాదికి మూడుసార్లు తీసే కారుని ఆ మూల పెడితే ఆరు. అందుకని తీసే లెక్క ముందు రాసుకుని తర్వాత చోటు ఇవ్వండి, ఇష్టాన్ని బట్టి కాదు. బాగా ఇష్టమైనది ముందుంటే బాగుండుననిపిస్తుంది, ఎక్కువమందికి బాగా ఇష్టమైన కారే తక్కువ తిరిగే కారు.

చాలామంది చేసే తప్పొకటి చూశాను. ఇంజిను విప్పి పెట్టిన కారుని, పని చేసుకోవడానికి వెలుతురు బాగుంటుందని, షట్టరు దగ్గర పెడతారు. కదలని కారు గోడతో సమానం. దాని వెనక ఉన్నవన్నీ బందీలు. తలుపు దగ్గర ఉండాల్సింది ఎప్పుడు తాళం తిప్పినా స్టార్టయ్యే కారు. మిగతావాటికి బ్యాటరీ మెయింటైనర్లు, అంటే బ్యాటరీ దిగిపోకుండా చూసే చిన్న ఛార్జర్లు, పెట్టండి, గడియారం, అలారం లాంటివి నిద్రలో కూడా కాస్త కాస్త తాగుతుంటాయి, కొన్ని వారాలు వదిలేస్తే బ్యాటరీ పడుకుంటుంది. ఆ మెయింటైనర్ వైరు కార్ల మధ్యలోంచి నేలమీద పోనివ్వకుండా పైనుంచి వేలాడదీయండి, ఎందుకంటే డాలీ క్యాస్టర్ల గురించి ఇందాకే చెప్పాను.

ఇన్నిసార్లు కదిలించేటప్పుడు ప్రతిసారీ ఇంజిన్లు స్టార్ట్ చేయొద్దు. చల్లగా ఉన్న ఇంజిను, అందులోనూ పాత కార్బురేటర్ది, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు బాగా వదులుతుంది, దానికి వాసన ఉండదు, గ్యారేజీ పక్కనే పడకగది ఉంటే అక్కడిదాకా పాకుతుంది. టన్ను లోపు కార్లే కదా, న్యూట్రల్‌లో పెట్టి తోయండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కాబట్టి నేలబారుగా చేరుతుంది, నాలుగు కార్లున్న మూసిన గదిలో నిప్పురవ్వ వచ్చే హీటరు లాంటివి నేలమీద పెట్టకూడదు, కనీసం అరమీటరు ఎత్తులో ఉండాలి. వానలో తడిసిన కారుని తెచ్చి కవరు కప్పేసి షట్టరు దించితే అది మిగతావాటిని కూడా చెమర్చేలా చేస్తుంది, ముందు ఆరనివ్వండి.

ఇవన్నీ చదివాక కూడా మూడోది కొనే ఉద్దేశం ఉంటే, కొనేముందు ఒక శనివారం గ్యారేజీ ఖాళీ చేసి సుద్దతో నేలమీద కార్ల ఆకారాలు అసలు సైజులో గీయండి. డోరు తెరిచినంత మేర కూడా గీయండి. పైనుంచి ఒక తాడుకి బంతి కట్టి, మీ కారు ఎక్కడ ఆగాలో అక్కడ ముందు అద్దానికి తగిలేలా వేలాడదీయండి. గోడకి డోరు తగిలేచోట స్పాంజి ముక్క అంటించండి. కుర్చీ ఒకటి సీటు ఉండేచోట వేసుకుని, కూర్చుని, లేచి, సుద్ద గీత తొక్కకుండా బయటికి నడవండి. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. నేను ఇదంతా పద్ధతిగా చేశాను, మూడు కార్లూ మిల్లీమీటర్లతో సహా సరిపోయాయి. తీరా మూడోది లోపల పెట్టి, దిగి, ఇంట్లోకి పోదామని చూస్తే ఇంటి తలుపు గ్యారేజీలోకి తెరుచుకునే రకం. ఎంజీబీ వెనక బంపరుకి తగిలి ఒక జానెడు తెరుచుకుంది. షట్టరు ఎత్తి, ఇంటి చుట్టూ తిరిగి, ముందు తలుపు దగ్గరికొచ్చి బెల్ కొట్టాను.